ఎలుకని కోసేసిన మేస్త్రీ

మేస్త్రీ పోయాడని మొన్న గురువారం పొద్దున్న ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. మధ్యాహ్నానికల్లా మా తెలుగువాళ్ళ గ్రూపు నిండా దండాలు, దీపాలు, పువ్వులు. కువైట్ తెలుగువాళ్ళకి పెద్దదిక్కు అని ఒకరు రాశారు. ఎందరికో దారి చూపించిన మనిషి అని ఇంకొకరు. సాయంత్రం సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు.

"మీరు ఆయన దగ్గర పదకొండేళ్ళు పనిచేశారంట కదండీ. శుక్రవారం హవల్లీలో సంతాపసభ పెడుతున్నాం. నాలుగు మంచి మాటలు రాసుకొచ్చి చదవండి."

రానన్నాను.

"ఒంట్లో బాలేదా అండీ?"

"బాగానే ఉంది. ఇష్టం లేదు."

 "సరేనండీ" అని పెట్టేశాడు. పోయిన మనిషి మీద ఇంత పగేమిటని మా ఆవిడ ఊరి నుంచి ఫోన్‌లో కేకలేసింది. సభలో చదవడానికి పనికొచ్చే మాటలు నా దగ్గర లేవు. ఉన్న మాటలు ఇవి. పేరు రాయను. ఆయనకి కొడుకులున్నారు, వాళ్ళు నాకే అపకారమూ చెయ్యలేదు.

సబ్హాన్‌లో గోడౌన్ల మధ్య మాది ఫ్రేములు కట్టే వర్క్‌షాప్. పెళ్ళిఫోటోలు, డిగ్రీ పట్టాలు, అరబ్బీ అక్షరాల బొమ్మలు, రాజుల ఫోటోలు, ఏవొస్తే అవి కట్టేవాళ్ళం. దానికి ఆయన మేస్త్రీ. ఆయనదీ నాదీ కోనసీమే. మా ఊరి రేవు దాటితే ఆయన ఊరు. ఆ లెక్కన నన్ను ఆదరిస్తాడని మా నాన్న అనుకున్నాడు. వచ్చిన మొదటిరోజే నా పేరు అడక్కుండా "ఏరా అమలాపురం, సుత్తి పట్టడం వచ్చా, కొబ్బరికాయలు దింపడమేనా?" అన్నాడు. పదకొండేళ్ళూ నేను అమలాపురాన్నే. బొమ్మలు సర్దే బాషా రాయచోటి. పాలిష్ పట్టే ఫిలిప్పీన్స్ ఆయన మనీలా. మనిషి పేరు పలికితే ఎక్కడ మర్యాద ఇచ్చినట్టవుతుందో అని ఆయన భయం.

పొట్టి మనిషి. ఛాతీ ముందుకు తోసి, మెడ వెనక్కి పెట్టి నడిచేవాడు. కుడి బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. చెవి మీద ఎర్ర పెన్సిల్ ఉండేది కానీ దాంతో ఒక్క అంకె రాయగా నేను చూడలేదు. ఒక కన్ను మూసి, బొటనవేలు పైకెత్తి, బొమ్మ కేసి చూసి, "పద్నాలుగుంపావు, ఇరవై ముప్పావు, కొయ్యండెహె" అనేవాడు. టేప్ పెట్టి చూద్దామంటే ఇంతెత్తున లేచేవాడు. "నా కన్నే టేపురా. మీ టేపులు సాగిపోతాయి, ఇది సాగదు." పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిపోయేది. అదే మా ఖర్మ. పదోసారి సరిపోకపోతే ఈ ఎండకి కర్ర ముడుచుకుపోయిందనో, గాజు కంపెనీవాడు మోసం చేశాడనో, నువ్వు వంకరగా పట్టుకున్నావనో అనేవాడు. తప్పు నాదిరా అనే మాట ఆయన నోట నేను వినలేదు.

ఎడమ చేతిలో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉండేది. కొలవడానికి కాదు. పని నచ్చకపోతే వేళ్ళ కణుపుల మీద దాని అంచుతో కొట్టేవాడు. యాభై దాటిన మనీలాని కూడా కొట్టాడు. ఆయన ఎదురు చెప్పలేదు, మేమూ చెప్పలేదు. మా వీసాలకి పూచీ ఉన్న కువైటీ యజమాని, కఫీల్, ముసలాయన, వర్క్‌షాప్‌కి వచ్చేవాడు కాదు. ఈ దేశంలో ఉండనిచ్చే మా ఇఖామాలు, మా సెలవులు, మా టికెట్లు అన్నీ మేస్త్రీ చెప్పిన ప్రకారమే జరిగేవి.

ఆయన కథ ఒకటుంది. వారానికి రెండుసార్లయినా చెప్పేవాడు. యుద్ధం రోజుల్లో ఇరాక్ సైనికులు గోడౌన్ దోచుకోడానికి వస్తే, ఆయన ఒక్కడే తలుపుకి అడ్డంగా నిలబడి, చేతిలో ఫ్రేము బద్ద పట్టుకుని, "నన్ను చంపి లోపలికెళ్ళండి" అన్నాడట. వాళ్ళు హడిలి వెనక్కి పోయారట. నేను మొదటిసారి విన్నప్పుడు సైనికులు ఇద్దరు. నేను పనిలో చేరిన మూడో ఏటికి నలుగురయ్యారు. బాషా లెక్కపెట్టేవాడు. భోజనం దగ్గర నా చెవిలో, "ఈ పొద్దు ఏడుమంది అయిరన్నా. వచ్చే నెలకి ట్యాంకు గూడా వస్తాది చూడు" అనేవాడు.

ఈ సంగతులు జరిగేనాటికి బాషా పద్నాలుగేళ్ళుగా కువైట్‌లో ఉన్నాడు. బొమ్మలు వచ్చినప్పుడు విప్పడం, మెత్తటి కుంచెతో దుమ్ము తియ్యడం, అట్టల మధ్య సర్దడం అతని పని. అరబ్బీ చక్కగా మాట్లాడేవాడు. కూతురు కడపలో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఎవరు కనబడ్డా ముందు ఆ సంగతి చెప్పి తర్వాత సలాం చెప్పేవాడు. మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం, ఒకే గిన్నెలో వండుకునేవాళ్ళం.

ఒక ఫిబ్రవరిలో జపాన్ బొమ్మలు కొన్ని వచ్చాయి. ఒక కువైటీ పెద్దావిడ తెచ్చింది. స్కూల్లో పంతులమ్మగా చేసి మానేసిన ఆవిడ. భర్త ఉద్యోగం వల్ల జపాన్‌లో కొన్నేళ్ళున్నప్పుడు కొన్నవట. ఎనిమిది కాగితాలు. మన అద్దకం చీరల్లాగే చెక్క మీద చెక్కి, ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు వేసి తీసినవి. ఆవిడ బల్ల మీద ఒక్కొక్కటే పరుస్తూ తనే ముందు నవ్వింది. ఎందుకు నవ్వుతోందో మాకు అర్థం కాలేదు. బాషా అడిగి మాకు చెప్పాడు.

"వీళ్ళంతా ఆ దేశంలో పేరుమోసిన వీరులంటన్నా. వీళ్ళ యుద్ధాలు బొమ్మలేసి అమ్ముతాంటే జనం కొనుక్కోని గోడకి పెట్టుకుంటాన్నారంట. అట్లనే కొందరు బొమ్మలేసేటోళ్ళు అదే వీరుల్ని ఎగతాళి చేసి ఏసినారంట. ఇవి ఆ ఎగతాళి బొమ్మలు."

అప్పుడు చూశాను. ఒకదాంట్లో రాక్షసుల్ని చంపే గడ్డం వీరుడు, ఒక రాక్షసుడి ఒళ్ళో తల పెట్టుకుని చెవిలో గుబిలి తీయించుకుంటున్నాడు. కళ్ళు అరమూతలు పడ్డాయి. ఇంకొకదాంట్లో గొప్ప విలుకాడు అంబుతో వీపు గోక్కుంటున్నాడు. ఒకడు కవచం నిండా తొడుక్కున్నాక ఏదో అత్యవసరం వచ్చి ముడులు విప్పలేక గెంతుతున్నాడు. ఎనిమిదోది అన్నిటికన్నా బాగుంది. ఒక మహావీరుడు కవచంపెట్టె మీదికెక్కి నిలబడ్డాడు. కొమ్ముల శిరస్త్రాణం, పైకెత్తిన కత్తి, ఎర్రగా ఉబ్బిన మొహం. ఎవరితో యుద్ధమో అని వెతికితే, ఎడమ అంచున, కింద, గోరంత ఎలుక. వెనక కాళ్ళ మీద నిలబడి, బియ్యపుగింజ ఒకటి రెండు చేతులతో పట్టుకుని ఆయన కేసి చూస్తోంది.

నలభై ఏళ్ళుగా చూస్తున్నా ఆ ఎలుక దగ్గరకొచ్చేసరికి నవ్వాగదంది మదామ్. వెళ్ళేముందు ఒక మాట గట్టిగా చెప్పింది. కాగితం అంచులు నాలుగువైపులా కనబడాలి, అట్ట మీద తేలుతున్నట్టుండాలి, ఒక్క వెంట్రుకంత కూడా కొయ్యకూడదు.

మేమంతా నవ్వుతుంటే మేస్త్రీ నవ్వలేదు. ఆవిడ కారెక్కాక, "యోధుడంటే దణ్ణం పెట్టుకోవాల గానీ ఇదేంట్రా, ఇకఇకలూ పకపకలూ? దేశం పరువు తీసిన ఎదవలు" అన్నాడు. నిజంగానే కోపంగా అన్నాడు. తర్వాత ఒక కన్ను మూసి, పైన ఉన్న కాగితం ఒక్కటి చూసి, ఎనిమిదింటికీ ఒకటే కొలత చెప్పాడు. "మిగతావి కూడా చూడండి మేస్త్రీగారండీ" అన్నాను. స్కేలు చూపించాడు. నోరు మూసుకున్నాను.

రెండ్రోజుల తర్వాత భోజనాల వేళ బాషా ఆ ఎలుక బొమ్మ కేసి చూస్తూ, ఉన్నట్టుండి లేచి స్టూలెక్కాడు. ఫ్రేము బద్ద కత్తిలా ఎత్తాడు. ఛాతీ ముందుకు తోశాడు, మెడ వెనక్కి పెట్టాడు, బుగ్గ లవంగం పెట్టుకున్నట్టు ఉబ్బించాడు. అచ్చం మేస్త్రీ గొంతుతో, మా గోదావరి యాసలో, "ఆయ్! ఏడుగురిని ఎనక్కి పంపించేసేనండి! ఈ ఎలకొక్కటే మాట ఇనట్లేదండి!" అన్నాడు. మనీలాకి తెలుగు రాదు, అయినా తింటున్న అన్నం తుపుక్కుమని ఊసి పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. తలతిప్పి చూస్తే గుమ్మంలో మేస్త్రీ.

 లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, తన క్యారేజీ విప్పుకుని తిన్నాడు. బాషా స్టూలు దిగి బద్దని గోడకి ఆనించాడు. ఆ మధ్యాహ్నమంతా ఎవరి వేళ్ళ మీదా స్కేలు పడలేదు. అది చూసి నాకు భయం వేసింది.

వారం తిరిగేసరికి బద్దలు, గాజులు కోసి సిద్ధమయ్యాయి. ఏడు బొమ్మలు చక్కగా కుదిరాయి. ఎలుక బొమ్మ మాత్రం మిగతావాటి కన్నా బొటనవేలంత వెడల్పు. చుట్టూ అట్ట కనబడే చోటు లేక అంచు ఫ్రేము కిందికి పోతోంది. ఒక్కదానికి కొత్త గాజు, కొత్త బద్ద తెప్పిస్తే సరిపోయేది. అలా చేస్తే ఆయన కన్ను తప్పు చెప్పిందని నలుగురికీ తెలుస్తుంది.

అప్పుడు బాషా జొహర్‌కి, మధ్యాహ్నం నమాజుకి, వెళ్ళాడు. మనీలా బయట పాలిష్ పడుతున్నాడు. నేను మూల బల్ల దగ్గర గాజు తుడుస్తున్నాను. మేస్త్రీ ఎలుక బొమ్మని కొత్త అట్ట మీద పెట్టాడు, ఎడమ అంచున స్టీలు స్కేలు ఆనించాడు, కొత్త బ్లేడు వేసి పైనుంచి కిందికి ఒక్క లాగు లాగాడు. కాగితం చిన్న చప్పుడు కూడా చెయ్యలేదు. తెగిన ముక్కని నోటితో ఊది చెత్తబుట్టలోకి తోసి, బొమ్మని ఫ్రేములో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. ఒక్కసారి తలెత్తలేదు. నన్ను గమనించలేదనే అనుకున్నాను.

ఆయన టీకి వెళ్ళగానే బుట్టలోంచి ఆ ముక్క తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఫ్రేములో బొమ్మ చూశాను. ఎలుక లేదు. పెట్టె మీద కత్తి ఎత్తిన వీరుడు నిజంగానే వీరుడిలా ఉన్నాడు.

ఆ సాయంత్రం మేస్త్రీ నా భుజం మీద చెయ్యి వేశాడు, అంతకు ముందెప్పుడూ వెయ్యలేదు. "ఏరా అమలాపురం, నీ ఇఖామా ఈ నెలాఖరుతో అయిపోతాది కదా. కాయితాలు రేపు పంపించేత్తాను, దిగులు పెట్టుకోకు."

మర్నాడు మదామ్ వచ్చింది. వరసగా ఒక్కో బొమ్మ దగ్గర ఆగి నవ్వుకుంటూ ఎనిమిదోదాని దగ్గరికి వచ్చింది. నవ్వడానికి మొహం సిద్ధం చేసుకుంది. ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. వంగి చూసింది. "వెన్ అల్ ఫార్?" అంది. ఎలుక ఏది?

మేస్త్రీ తడుముకోలేదు. స్కేలుతో బాషాని చూపించాడు. "వీడు తుడుస్తూ అంచు చింపేశాడు మదామ్. నాకు చెప్పకుండా దాచాడు. అసహ్యంగా ఉందని నేను అంచు సరిచేశాను."

బాషా ముందుకొచ్చాడు. "నేను చింపలేదు మదామ్, అల్లా తోడు, నా చేత్తో అట్టల మధ్య పెట్టినప్పుడు ఎలుక ఉన్నింది" అని అరబ్బీలో చెప్పి, నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు ఈడనే ఉంటివి గదా. చెప్పన్నా."

జేబులో ముక్క ఉంది. నేను చేతిలో గాజు కేసి చూశాను.

"నేను చూళ్ళేదు" అన్నాను.

మదామ్ మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఎనిమిది కాగితాలూ విప్పించి, తన సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆరు రోజుల్లో బాషా వీసా కేన్సిల్ చేయించి పంపేశారు. అతను అట్టపెట్టెకి తాడు కడుతుంటే ముడి జారకుండా నేను వేలు పెట్టి పట్టుకున్నాను.   మేస్త్రీ ఎయిర్‌పోర్టు వ్యాను డ్రైవర్‌తో, "రాయచోటోళ్ళకి నాజూకు పని చేతకాదురా" అంటున్నాడు. నాకు ఇఖామా వచ్చింది.

ఇఖామా చేతికొచ్చిన శుక్రవారం ఆ ముక్కని కవరులో పెట్టుకుని బస్సెక్కి మదామ్ ఇంటికి వెళ్ళాను. నాకొచ్చిన అరబ్బీలో జరిగింది చెప్పాను. ఆవిడ బొమ్మ తెచ్చి ముక్కని పక్కన ఆనించింది. ఎలుక తన చోటికి వచ్చింది. ఆవిడ నవ్వలేదు.

"నాకు ఆ రోజే తెలుసు" అంది. "దుమ్ము దులిపితే చిరిగే కాగితం కాదిది, నలభై ఏళ్ళుగా నేనే దులుపుతున్నాను. ఈ ముక్కలో చిరుగు ఎక్కడుంది? నువ్వు చెబుతావేమోనని చూశాను."

"బాషాని పంపేశారు మదామ్."

ఆవిడకా సంగతి తెలియదు. కుర్చీలో కూర్చుండిపోయింది. నా ముందే కఫీల్‌కి ఫోన్ చేసింది. చాలాసేపు కోపంగా మాట్లాడింది. అవతల ఆయన చెప్పింది ఆవిడే నాకు చెప్పింది: మేస్త్రీ ముప్ఫై ఏళ్ళ నాటి మనిషి, వెళ్ళినవాడు వెళ్ళాడు, ఖలాస్.

మేస్త్రీ మేస్త్రీగానే ఉన్నాడు. చెప్పింది నేనని తెలిసి, నన్ను ఎండలో చెక్కపెట్టెలకి మేకులు కొట్టే పనిలో వేశాడు. ఏడాది తర్వాత మదామ్ చెప్పి చూస్తే వేరే చోట చేరడానికి కఫీల్ రిలీజ్ ఇచ్చాడు. హవల్లీలో వేరే ఫ్రేముల కొట్లో చేరాను. బాషాకి మాత్రం ఫోన్ చెయ్యలేదు. నంబరు తీసేవాణ్ణి, పెట్టేసేవాణ్ణి.

మేస్త్రీని ఆఖరిసారి చూసింది రెండు నెలల క్రితం, ఆసుపత్రిలో. ఊరివాళ్ళెవరో మరీ అడిగితే వెళ్ళాను. మనిషి సగమయ్యాడు. బుగ్గలో లవంగం లేదు. మంచం పక్కన మలయాళీ నర్సు బీపీ చూస్తుంటే హిందీలో కథ చెబుతున్నాడు. సైనికులు తొమ్మిదిమంది అయ్యారు. నన్ను చూసి గొంతు పెంచాడు. రాయచోటివాడొకడు మంచి జపాన్ బొమ్మని నాశనం చేస్తే, తన చేతి పనితనంతో దాన్ని ఎలా కాపాడాడో చెప్పాడు. ఆ అమ్మాయి "అచ్ఛా అంకుల్" అని వెళ్ళిపోయింది.

 "మేస్త్రీగారండీ, ఆ బొమ్మ కోసింది మీరు" అన్నాను.

ఆయన తలదిండు మీద మెడ సర్దుకున్నాడు.

"ఆయ్, నేనే. నువ్వు చూశావు కదా."

"చూశాను."

"మరి ఆ రోజు చూళ్ళేదన్నావేంట్రా?"

 ఆయన నవ్వాడు. ఎవరైనా జారిపడితే నవ్వే నవ్వు.

"నువ్వు చెప్పవని నాకు తెల్సురా. నువ్వు మూల బల్ల కాడ ఉన్నావని చూసుకునే కోశాను. ఆ రాయచోటోడు గానీ ఉంటే ఎందుకు కోత్తాను? ఆడు గోల పెట్టేసేవోడు."

"ఎలుకని కావాలనే కోశారా?"

"ఏ ఎలక?" అని కళ్ళు మూసుకున్నాడు. కోసేటప్పుడు నిజంగా చూడలేదో, ఇప్పుడు అబద్ధమాడాడో నాకిప్పటికీ తెలియదు. తెచ్చిన పళ్ళ సంచీ మంచం మీద పెట్టబోయి, పెట్టకుండా తీసుకుని బయటికొచ్చేశాను.

ఆసుపత్రి ముందు, కార్లు నిలిపే చోట ఎండలో నిలబడి బాషాకి ఫోన్ చేశాను. మూడుసార్లు మోగాక తీశాడు. గొంతు వెంటనే గుర్తుపట్టాడు. కూతురు చదువు అడిగాను. "యాడ సాగుతాదన్నా? నేను వచ్చినంకనే నిలిచిపాయె. ఇప్పుడు ఒక మందులషాపులో నిలబడతాంది" అన్నాడు. నేను మొత్తం చెప్పాను. ఆయన కొయ్యడం చూశాననీ, ముక్క నా జేబులోనే ఉందనీ, చూళ్ళేదని అబద్ధం చెప్పాననీ.

 అంతా విన్నాడు.

"నాకు ఆ పొద్దే తెలుసన్నా. నీ మొగం చూస్తి గదా" అన్నాడు. "ఆయప్ప అబద్ధం చెప్పె. ఆయప్ప గుణమే అంత, నాకు బాధ లేదు. నువ్వు ఆ రాత్రి గూడా నా పక్కన కూచోని నా గిన్నెలోనే అన్నం తింటివి."

నేను ఏదో అనబోయాను.

"ఇంగ ఫోన్ చెయ్యొద్దన్నా" అని మెల్లిగా చెప్పి పెట్టేశాడు.